బావ తెచ్చిన సముద్రం

మా బావ లయొనెల్‌కు ఈత రాదు. మాగ్నెటిక్ ద్వీపానికి పోయే ఫెర్రీ ఎక్కాలన్నా ముందుగా వాంతుల మాత్ర వేసుకుంటాడు. ఒడ్డున మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగినా చెప్పులు విప్పడు. అలాంటి మనిషి, ఆ ఏడాది వానలు ఇంకా గట్టిపడకముందు, మా అక్కకు సముద్రాన్ని ఇంటికి తెచ్చి ఇస్తానని ప్రకటించాడు.

ప్రకటించాడనే అనాలి. ఏ సంగతీ మామూలుగా చెప్పడం ఆయనకు చేతకాదు. జీవితమంతా సోఫాలూ పరుపులూ అమ్మి, ఆ కంపెనీకే ప్రాంతీయ మేనేజరై రిటైరైన మనిషి. ఉప్పు అందుకోమని అడిగినా ఆ గొంతులో పండగ తగ్గింపు ధర వినపడుతుంది. క్రిస్మస్ భోజనాల దగ్గర, రొయ్యలూ చల్లటి హామూ ఇంకా పళ్ళేల్లో ఉండగానే, గ్లాసు మీద చెంచాతో కొట్టి లేచి నిలబడ్డాడు.

"రొవెనా ఇక సముద్రంలోకి వెళ్ళలేదు. కాబట్టి సముద్రమే రొవెనా దగ్గరికి వస్తుంది" అన్నాడు.

పక్కింటివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్ళు కూడా ఒత్తుకుంది. నేను ఇంకో రొయ్య వొలుచుకున్నాను. అక్క ఏం చేసిందో చూడలేదు.

అక్క పాతికేళ్ళు, ఆస్ట్రేలియా ఈశాన్య తీరాన ఉన్న మా ఊరు టౌన్స్‌విల్ నుంచి పగడాల దిబ్బలకు వెళ్ళే పడవల మీద డైవింగ్ గైడుగా పనిచేసింది. అంతకుముందు చలికాలంలో ఊపిరితిత్తి ఒకటి గాలి పోయి ముడుచుకుపోతే ఆసుపత్రిలో పడింది. బతికి బయటపడింది గానీ, ఇక జన్మలో నీళ్ళ కిందికి దిగకూడదనీ, బరువులెత్తకూడదనీ చెప్పి పంపారు. ఆమె ఏడవలేదు. సామానంతా పడవలో కుర్రవాళ్ళకు పంచిపెట్టి, వరండాలో పేము కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ కూర్చోవడమే బావకు నచ్చలేదు. ఇంటికి వచ్చినవాళ్ళకు ఎదురుగా ఒక దిగాలు మొహం ఉండటం ఆయన మేనేజరు బుద్ధికి కొట్టులో చిరిగిన సోఫా పెట్టినట్టు అనిపించి ఉంటుంది.

నేను రొయ్యల పడవ మీద వంట చేస్తాను. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరిదాకా మా వైపు రొయ్యలు పట్టనివ్వరు. ఆ కాలమంతా నా మకాం అక్క ఇంటి కింద. ఇల్లు స్తంభాల మీద ఎత్తుగా ఉంటుంది. కింద బట్టలుతికే గది, దాని పక్కనే నా మంచం, నా చిన్న ఫ్రిజ్, ఒక ఫ్యాను. ఏటా అలాగే జరిగిపోయేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. బావ మాత్రం అప్పుడప్పుడూ మెట్ల మీద నిలబడి, నేను ఇంకా ఉన్నానా లేదా అన్నట్టు కిందికి తొంగిచూసి పోయేవాడు.

పండగ వెళ్ళిన వారానికే గాజు తొట్టి వచ్చింది. శవపేటికకన్నా పొడుగు. హాల్లో, బయటి గుమ్మంలోంచి చూసినా కనపడేట్టు పెట్టించాడు. అక్క కుర్చీలోంచి చూస్తే మాత్రం దాని పక్క భాగమే కనపడేది.

పంపు కొనడానికి బెనెడెట్టా కొట్టుకు వెళ్ళాం. బెనెడెట్టా చెరుకు రైతుల ఇంట్లో పుట్టిన ఇటాలియన్ మనిషి, ఉప్పునీటి చేపలూ పగడాలూ వాటికి కావలసిన సామానూ అమ్ముతుంది. ఎవరికీ ఏదీ అంటగట్టదు. అందుకే బావకు ఆమె వ్యాపారస్తురాలిగా ఆనలేదు. నన్నెందుకు తీసుకెళ్ళాడంటే డబ్బాలు మోయడానికి.

"ఎంత ఎత్తుకు ఎక్కించాలి నీళ్ళు?" అని అడిగిందామె.

బావ ఒక డబ్బా తీసి దాని మీద ఉన్న అంకె చూపించాడు. గంటకు ఇన్ని వేల లీటర్లని పెద్ద అక్షరాలతో ఉంది. ఇదిగో, చాలదా అన్నట్టు చూశాడు.

"అది నీళ్ళు పైకి ఎత్తకుండా పంపు పక్కనే పోసుకుంటే వచ్చే లెక్కండీ. ఎత్తు పెరిగేకొద్దీ తగ్గిపోతుంది" అని ఆమె డబ్బా వెనక్కి తిప్పి, కిందికి వాలిపోతున్న ఒక గీత చూపించింది. నీళ్ళు శుభ్రం చేసే కింది తొట్టిని గాజు తొట్టి కిందే అల్మారాలో పెట్టుకోమంది. అప్పుడు మనిషి నడుమెత్తుకు ఎక్కిస్తే చాలు, చిన్న పంపుతో పని జరిగిపోతుంది. మీరేమో ఇంటి కింద గదిలోంచి మేడ మీదికి తోడతానంటున్నారు, నీళ్ళు దారిలోనే అలిసిపోతాయి అంది.

"హాల్లో మోత నేను పడలేను" అన్నాడు బావ. "కింద గావిన్ ఉంటాడు. వాడికేం."

ఆమె నా వైపు చూసింది. నేను గాజు వెనక ఉన్న ఒక ఎండ్రకాయను చూస్తున్నాను. ఆ ఇల్లు నాదా, మాట్లాడటానికి?

బావ గీత చూడలేదు. అంకె చూసి కొన్నాడు. ఇంటికొచ్చి హాలు నేలకు కన్నం పెట్టి పైపులు వేయించాడు. వేయించాడంటే, తనే వేశాడు. ప్లంబరును పిలిస్తే పేరు ప్లంబరుకు పోతుందని భయం. జాయింట్లన్నీ సొల్యూషన్ రాసి అతికించేశాడు. మరతో విప్పుకునే జాయింట్లు పెట్టుకోమని బెనెడెట్టా చెప్పింది, పంపును ఎప్పుడైనా బయటికి తీసి కడగాల్సి వస్తుందని. "మంచి వస్తువు కొన్నవాడికి విప్పాల్సిన అవసరం రాదు" అన్నాడాయన. తిరిగి పైకి వచ్చే పైపు కొసను తొట్టి అడుగుదాకా, రాళ్ళ వెనకకు దించాడు. పైన కనపడితే అందం చెడిపోతుందట.

స్విచ్చి వేసిన పూట ఇంట్లో అందరం తొట్టి ముందు నిలబడ్డాం. కింద పంపు గట్టిగా ఊపిరి పీల్చుకున్నట్టు మోగింది. చాలాసేపటికి రాళ్ళ వెనక నుంచి నీళ్ళు వచ్చాయి. ప్రొస్టేటు జబ్బు ముసలాడు పోసినట్టు వచ్చాయి. బావ వంగి చూశాడు, నిటారుగా అయ్యి చూశాడు, పైపులో గాలి ఉండి ఉంటుందన్నాడు. రెండు రోజులు గాలి పోతుందని ఎదురు చూశాడు. గాలి లేదు, ఎత్తే ఉంది. మెట్లు ఎక్కడానికి ఆయనకే ఆయాసం వస్తుంది, నీళ్ళకు మాత్రం రాకూడదు.

తప్పు పంపుదని తేల్చాడు. ఈసారి బెనెడెట్టా దగ్గరికి పోలేదు. ఈతకొలనుల సామాను అమ్మే ఎవరి దగ్గర్నుంచో కుక్కపిల్లంత పంపు ఒకటి తెచ్చాడు. దాన్ని బిగించి వేస్తే పైన అగ్నిమాపక దళం వాళ్ళ గొట్టం విప్పినట్టయింది. ఇసుక లేచి గాజుకు కొట్టుకుంది. చేపలతో పాటు అప్పుడే తెచ్చిపెట్టిన పగడాలు రెండు రాళ్ళ మీద నుంచి ఊడి దొర్లాయి. గోడలో పైపు వణికి మా అమ్మ ఫొటో పక్కకు వాలింది. పైకి వచ్చినంత నీరు కిందికి దిగే దారి లేక తొట్టి అంచు దాకా లేచింది.

వేగం తగ్గించాలంటే పంపు దాటాక వాల్వు పెట్టి బిగించాలని ఆ సామాను గురించి ఏ కాస్త తెలిసినవాడైనా చెబుతాడు. బావ పంపు ముందు పెట్టాడు. లోపలికి పోయే నీళ్ళే తగ్గిస్తే బయటికి వచ్చేవీ తగ్గుతాయి కదా అని ఆయన తర్కం. దాంతో నీళ్ళందక పంపుకు గొంతు పిసికినట్టయి, పగలూ రాత్రీ గులకరాళ్ళు నమిలినట్టు మోత. పైన తొట్టి నిండా సన్నటి బుడగలు, సోడా గ్లాసులాగా. నేను చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేవాణ్ని. పొద్దున పైకి వెళ్ళి కాఫీ తాగుతూ, "బావా, మీ సముద్రానికి నిమ్మకాయ పిండితే సరిపోతుంది" అన్నాను. ఆయన నవ్వలేదు. అక్క నవ్వింది. ఆ కాలంలో ఆమె నవ్వడం అదే చూశాను.

ఆమె మెల్లగా వరండాలోంచి హాల్లోకి మారింది. కుర్చీ తొట్టి ఎదురుగా లాక్కుని గంటలకొద్దీ కూర్చునేది. పుట్టగొడుగు ఆకారంలో, వేళ్ళలాంటి కొసలతో ఉండే ఒక మెత్తటి పగడం అంటే ఆమెకు ఇష్టంగా ఉండేది. అది ఎప్పుడూ ఒకే పక్కకు వాలి, ఎదురుగాలిలో గొడుగు పట్టుకున్న మనిషిలా ఉండేది. ఒకసారి బావతో అంది, సముద్రంలో నీళ్ళు ఇలా ఒకే వైపు తోయవు, పోతాయి, వస్తాయి, అది అటూ ఇటూ ఊగాలి అని. చెప్పేటప్పుడు చేత్తో చూపించింది, గాలిలో అరచేయి అటూ ఇటూ కదిపి.

"అక్కడి సంగతి వేరు, ఇక్కడ పద్ధతి వేరు" అన్నాడు బావ. తర్వాత తొట్టిలో చేయి పెట్టొద్దని కూడా చెప్పాడు. ఒంటి జిడ్డు నీళ్ళకు మంచిది కాదట. పాతికేళ్ళు ఆ నీళ్ళలోనే ఉన్న ఒళ్ళు.

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. నాకు ఒళ్ళు మండింది, బావ మీద ఎంతో, ఆమె మీదా అంతే. చిన్నప్పుడు నన్ను ముంచబోయిన పెద్ద పిల్లవాణ్ని చెరువు గట్టుదాకా జుట్టు పట్టి ఈడ్చిన మనిషి, ఒక పరుపుల వ్యాపారి చెప్పగానే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆసుపత్రిలో ఊపిరితిత్తి బాగుచేస్తూ ఇంకేమైనా కోసి తీశారా అనిపించింది.

జనవరి నడుమ ఒకరోజు నేను బ్రెడ్డు కోసం వెళ్ళి బెనెడెట్టా కొట్టు మీదుగా వస్తుంటే ఆమె పిలిచింది. బావ ఫోన్లో ఫొటోలు పంపించి మెచ్చుకోమన్నాడట. కింది తొట్టి అంచుదాకా నింపేశాడు గదా, కరెంటు పోతే ఏం చేస్తాడు అని అడిగింది. పంపు ఆగగానే పై నీళ్ళన్నీ అదే పైపులోంచి వెనక్కి జారతాయి. పైపు కొస అడుగున ఉంది కాబట్టి తొట్టి ఖాళీ అయ్యేదాకా జారుతూనే ఉంటాయి. నీటి మట్టానికి కాస్త కింద పైపుకు చిన్న రంధ్రం పెడితే, నీళ్ళు అక్కడికి దిగగానే గాలి చొరబడి ఆగిపోతుంది.

"నీళ్ళు వెనక్కి రాకుండా వన్‌వే వాల్వు పెట్టాడుగా" అన్నాను.

"దాంట్లో ఒక నత్త ఇరుక్కుంటే చాలు. ఆయనకు చెప్పు. నువ్వు పడుకునేది అక్కడే కదా."

చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? చెబితే ఆయన నాకు సోఫా అమ్మినట్టు గంటసేపు మాట్లాడి, చివరికి నా మాట తీసి అవతల పారేస్తాడు. ఇంటికొచ్చి ఇటుకలు తెచ్చి మంచం కోళ్ళ కింద పెట్టాను. ఫ్రిజ్‌ను బల్ల మీదికి ఎక్కించాను. రేడియో, బూట్లు, నా కత్తుల సంచి పై అరలోకి పోయాయి. ఆ తర్వాత రోజూ ఆకాశం చూసి పడుకునేవాణ్ని. వానాకాలం కదా, ఎప్పుడో ఒకప్పుడు కరెంటు పోక తప్పదు. నిజం చెప్పాలంటే ఆ రోజు కోసం కాస్త ముచ్చటగానే ఎదురుచూశాను.

జనవరి ఆఖర్న, ఆస్ట్రేలియా డే సెలవుకు బావ తన పాత కంపెనీవాళ్ళందరినీ పిలిచాడు. వెనక పెరట్లో నేను పొయ్యి దగ్గర సాసేజ్‌లు తిప్పుతున్నాను. ఉక్కపోత. కొండ వెనక మబ్బు నల్లగా పేరుకుంటోంది. బావ అందర్నీ హాల్లోకి తోలుకుపోయి తొట్టి చూపించాడు. ఆయన గొంతు పెరటిదాకా వినపడింది. పగడాల పేర్లు తప్పులు చెబుతున్నాడు. ఆ తర్వాత పంపు గురించి మొదలుపెట్టాడు. దాని బలం, దాని ధైర్యం, అది రాకముందు తొట్టి ఎలా ఉండేది, వచ్చాక ఎలా ఉంది. తన సైనిక సేవ చెప్పుకుంటున్న మనిషిలా చెప్పాడు. నేను సాసేజ్‌ల పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళేసరికి ఎవరో అడిగారు, ఇది రాత్రీ పగలూ ఆగకుండా నడుస్తుందా అని.

"నడుస్తుంది. మా ఆవిడ ఊపిరితిత్తిలా దారి మధ్యలో మానుకునే రకం కాదు" అన్నాడు బావ.

జనం నవ్వారు. కొందరు నవ్వి అక్క వైపు చూసి ఆపారు. నాకూ నవ్వు వచ్చింది. మాట సరిగ్గా పడింది, ఏం చేస్తాం. అక్క చేతిలో సలాడ్ గిన్నె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, చెంచా సరిచేసి, వరండాలోకి వెళ్ళింది.

అందరూ తినడం ముగించి ఐస్‌క్రీం దగ్గరికి వచ్చేసరికి వాన దిగింది. ఉరుము ఒకటి ఇంటి మీదే పడ్డట్టు పేలింది. ఫ్యాన్లు ఆగాయి. ఫ్రిజ్ ఆగింది. కింద నుంచి నెలంతా వినపడుతున్న ఆ గులకరాళ్ళ మోత కూడా ఆగింది. ఇల్లంతా ఒక్కసారిగా అంత నిశ్శబ్దమయ్యేసరికి మాట్లాడుతున్నవాళ్ళు మాట ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో గోడలోంచి నీళ్ళు గుటకలు వేస్తున్న చప్పుడు వచ్చింది.

వన్‌వే వాల్వులో నత్తో ఏదో ఇరుక్కుని ఉండాలి. బావకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. గాజు మీద నీటి గీత చూస్తుండగానే దిగుతోంది. కింద తొట్టి పొంగి నేల మీదికి వచ్చింది. ఆయన మెట్ల దాకా పరిగెత్తి, చివరి మెట్టు మీద ఆగిపోయాడు. గది నేలంతా ఉప్పునీరు. అందులో ప్లగ్గుల బోర్డు మునిగి ఉంది. పంపు ముందున్న వాల్వు తిప్పితే నీళ్ళు ఆగుతాయి, కానీ అది గదికి ఆ చివర. కరెంటు ఏ క్షణాన తిరిగి వస్తుందో తెలియదు.

"గావిన్, దిగి ఆ వాల్వు కట్టెయ్యి" అన్నాడు.

"వాల్వు మీరు పెట్టిందేగా బావా. మీరే కట్టండి" అన్నాను.

మేమిద్దరం అలా మెట్ల మీద నిలబడి ఉన్నాం. వెనక కంపెనీవాళ్ళు చేతుల్లో ఐస్‌క్రీం కప్పులతో నిలబడ్డారు. అక్క మమ్మల్ని దాటుకుని వరండా చివరికి వెళ్ళింది. అక్కడ గోడకున్న మెయిన్ స్విచ్చి దించింది. మెట్ల పక్క మేకుకు వేలాడుతున్న హాక్సా రంపం తీసుకుంది. ఆ తీసుకునేటప్పుడు కింద గదిలోకి ఒకసారి చూసింది. ఇటుకల మీద నా మంచం, బల్ల మీద నా ఫ్రిజ్, పొడిగా ఉన్నాయి. తర్వాత నన్ను చూసింది.

హాల్లోకి వచ్చి, కుర్చీ మీదికెక్కి, తొట్టి అంచు మీదుగా పైపు లోపలికి వంగే చోట రంపం పెట్టి కోయడం మొదలుపెట్టింది. రంపం నాలుగుసార్లు లాగి, ఒకసారి ఆగి ఊపిరి తీసుకునేది. ఎవరో నేను కోస్తానమ్మా అంటే తల అడ్డంగా ఊపింది. పైపు తెగగానే గాలి లోపలికి దూసుకుపోయిన చప్పుడైంది. గుటకలు ఆగాయి. నీళ్ళు అప్పటికే సగానికి వచ్చాయి. పై రాళ్ళ మీది పగడాలు నీళ్ళు దిగి బయటపడి, తడి గుడ్డల్లా వేలాడుతున్నాయి.

"నా పైపు కోసేశావా?" అన్నాడు బావ.

"కోసేశాను" అంది అక్క.

అంతే మాట్లాడుకున్నారు. అక్క కుర్చీ దిగి, వంటింట్లోంచి జగ్గు తెచ్చి, బయటపడ్డ పగడాల మీద నీళ్ళు ముంచి పోయడం మొదలుపెట్టింది. చేపలకు గాలి కావాలి కదా, జగ్గు ఎత్తి పైనుంచి ధారగా పోసేది. బావ కరెంటువాళ్ళకు ఫోను చేసి తన పేరూ పాత ఉద్యోగమూ చెప్పి గట్టిగా అడిగాడు. వాళ్ళకు పరుపులు అక్కర్లేదనుకుంటాను. ఆ తర్వాత ఏసీ కోసం జెనరేటరు ఉన్న ఒక స్నేహితుడి ఇంటికి అందర్నీ తీసుకుని వెళ్ళిపోయాడు. అక్క మాత్రం చీకటి పడేదాకా, బెనెడెట్టా బ్యాటరీ పంపు పట్టుకుని వచ్చేదాకా పోస్తూనే ఉంది. నేను కింద నేల తుడుచుకున్నాను. నా పని నాకుంది.

సగం పగడాలు చచ్చాయి. రెండు రోజులకు ఇల్లు కుళ్ళిన నత్తల వాసన కొట్టింది. ఆ వాసన భరించలేక బావ టూవూంబాలో తమ్ముడి దగ్గరికి బయల్దేరాడు. అక్కడ గాలి పొడిగా ఉంటుందట. వెళుతూ, నేను లేనప్పుడు ఆ తొట్టి తీసి అవతల పారేయించు, ఆ జాగాలో మసాజ్ కుర్చీ పెడదాం అని అక్కతో చెప్పాడు. అక్క పారేయించలేదు. వారమన్నవాడు రెండు వారాలైనా రాలేదు. ఫోను చేస్తే ఆమె ఒకటి రెండు మాటలు చెప్పి పెట్టేసేది. తనంతట తాను చేయడం నేను చూడలేదు.

ఫిబ్రవరిలో ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. కింద గదిలోని సామానంతా తీసేసింది. కింది తొట్టిని గాజు తొట్టి అడుగున అల్మారాలోకి చేర్చింది, బెనెడెట్టా మొదట చెప్పినట్టే. ఆమే కారు నడుపుకుంటూ కొట్టుకు వెళ్ళి, పంపు ఎంచుకుని వచ్చింది. చేతిలో పట్టేంత పంపు. దాన్ని చూసి, ఇది టీ కాచుకోవడానికా అన్నాను. పంపుకు రెండు వైపులా మరతో విప్పుకునే జాయింట్లు పెట్టింది. వాల్వు పంపు దాటాకే పెట్టింది. పైపు కొస నీటి మట్టానికి దగ్గరగా ఉంచి, దాని పైన సూదితో పొడిచినంత రంధ్రం వేసింది. కింది తొట్టిలో సగం ఖాళీగా వదిలింది. ఇవి కాక, గాజు గోడలకు రెండు వైపులా రెండు చిన్న ఫ్యానుల్లాంటివి తగిలించింది. ఒకటి కాసేపు తోస్తుంది, అది ఆగితే రెండోది తోస్తుంది.

అన్నీ బిగించాక స్విచ్చి వేసింది. నేను చూడ్డానికి కూర్చున్నాను, అంతా సరిగ్గా జరుగుతుంటే చూడటంలో అంత రుచి లేకపోయినా. నీళ్ళు వచ్చాయి. ఆమె సంతోషించలేదు. స్విచ్చి ఆపింది. నీటి గీత రెండు వేళ్ళంత దిగి, రంధ్రంలోంచి చిన్న గురక వచ్చి, ఆగిపోయింది. కింది తొట్టిలో ఇంకా ఖాళీ ఉంది. మళ్ళీ వేసింది, మళ్ళీ ఆపింది. ఆ మధ్యాహ్నమంతా అదే పని. నడవటం కన్నా ఆగటమే ఆమె చూస్తోంది. విసుగు రాదా అని అడిగాను. చేయి మోచేతిదాకా నీళ్ళలో పెట్టి, కళ్ళు మూసుకుని, ఇటు పోయే నీళ్ళను, అటు వచ్చే నీళ్ళను తాకి చూసుకుంటోంది. నా మాట వినపడిందో లేదో.

పుట్టగొడుగు పగడం బతికింది. దాని వేళ్ళు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాయి.

ఫిబ్రవరి ఆఖరి వారంలో బావ దిగాడు. టూవూంబా తమ్ముడికి కూడా ఓపిక అయిపోయి ఉంటుంది. పెట్టె గుమ్మంలో పెట్టి, నేరుగా తొట్టి దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని పరీక్ష చేశాడు. ఈ పంపు చాలదన్నాడు. ఈ రంధ్రం ఎందుకో అన్నాడు. తర్వాత, మొత్తానికి తను వేసిన పునాది మీదే కదా ఇదంతా అన్నాడు. అక్క ఆయన్ని వరండాలోకి రమ్మంది. ఏం మాట్లాడుకున్నారో నాకు సగమే వినపడింది. బావ గొంతు మొదట్లో వినపడింది, తర్వాత చాలాసేపు వినపడలేదు. చివర్లో మాత్రం, "అదంతా నీ కోసమే చేశాను" అన్నాడు.

"చేశావు. నన్నొక్క మాట అడగలేదు" అంది అక్క.

ఆయన పెట్టె విప్పకుండానే కారులో పెట్టాడు. గోల్ఫ్ కర్రల సంచి వెనక సీట్లో పట్టక తలుపు రెండుసార్లు వేయాల్సి వచ్చింది. నేను మెట్ల కింద నిలబడి చేయి ఊపాను. ఆయన చూడలేదు. చూడకపోయినా ఊపాను. ఆ నెలల్లో నేను మనసారా చేసిన పని అదొక్కటేనేమో. బ్రిస్బేన్ వైపు ఇల్లు చూసుకుంటాడట అని అక్క ఆ సాయంత్రం చెప్పింది. వాతావరణం సంగతి చెప్పినంత మామూలుగా చెప్పి, చేపలకు మేత వేసింది.

ఇక ఇల్లు మళ్ళీ మనదే అనుకున్నాను. పైన గదుల్లో ఒకటి ఖాళీ అవుతుంది, ఉక్కపోత రోజుల్లో అక్కడ పడుకోవచ్చని కూడా లెక్క వేసుకున్నాను. మూడు రోజుల తర్వాత పడవ పిలుపు వచ్చింది. నా సంచి సర్దుకుంటుంటే అక్క కిందికి వచ్చింది.

"ఒరేయ్ గావిన్, ఈసారి సామానంతా తీసుకుపో. వచ్చే వానాకాలానికి వేరే చోటు చూసుకో" అంది.

హాస్యమనుకున్నాను. ఆమె మొహంలో హాస్యం లేదు, కోపం కూడా లేదు. గది ఎవరికైనా అద్దెకిస్తున్నావా అని అడిగాను. లేదంది. ఒంట్లో బాగాలేదా అని అడిగాను. బాగానే ఉందంది. బావను పంపించింది సరే, ఆయన చేసిన పనులకు పంపించింది. నన్నెందుకు? ఆయన పంపు మోత నెలరోజులు నెత్తిన పెట్టుకున్నది నేను. ఆయన సముద్రం వచ్చి పడింది నా గదిలో.

"నేనేం చేశానే అక్కా?" అన్నాను.

అక్క ఆలోచించింది. నా ప్రశ్నకు సరైన జవాబే ఇవ్వాలన్నట్టు, నిజంగానే ఆలోచించింది.

"ఏమీ చెయ్యలేదు" అంది.

ఇంకేదో అంటుందని నిలబడ్డాను. ఆమె చేతులు ప్యాంటుకు తుడుచుకుని, బల్ల దగ్గరికి వెళ్ళి, నా ఫ్రిజ్‌కు ఒక పక్క పట్టుకుంది. బరువులెత్తొద్దన్నారు కదా అన్నాను. రెండో పక్క పట్టుకోమంది.